పులుసులో బెల్లం

శుక్రవారం పొద్దున్న ఇడ్లీలు దించేలోపు వెబ్‌సైటు శుభ్రం చేసేసి తలంటుకోవాలనుకుంది లక్ష్మీదుర్గ. కువైట్‌లోని ఫింటాస్‌లో, తన ఫ్లాట్‌లో కూర్చుని ఆమె నడిపే వంటల వెబ్‌సైటు అది. అందులో గుమ్మడికాయ పులుసు కింద రాత్రికి రాత్రే చేతి గడియారాల వాళ్లు, బట్టతల మందుల వాళ్లు కామెంట్లు గుప్పించారు. మామూలప్పుడైతే నవ్వి ఊరుకునేదే. కానీ తెలుగు సంఘం పిక్నిక్‌లో వంట ఎవరికి అప్పగించాలో తేల్చడానికి కార్యదర్శి కుక్కుటేశ్వరరావు గారు ఆ రోజే వెబ్‌సైటు చూస్తానన్నారు. ఆ గరిటె కోసం ఆవిడ ఎన్నాళ్లుగానో నచ్చనివాళ్లని కూడా నవ్వుతూ పలకరిస్తోంది.

"మనిషికి తెలిసి, యంత్రానికి తెలియనిది ఒకటి అడగాలి," అన్నాడు భర్త ఉదయ్‌కుమార్, కంప్యూటరు ముందుకు జరుగుతూ.

అమలాపురం ఆడపడుచుకి అదేమంత కష్టం? కామెంటు రాయాలంటే ముందు జవాబివ్వాలి: పులుసులో బెల్లం వేయాలా, వద్దా? 'వేయాలి' నొక్కితే దారిస్తుంది. 'వద్దు' నొక్కితే, 'క్షమించండి, మీరు మనిషి కారు' అని ఎర్రటి అక్షరాలు వస్తాయి.

మధ్యాహ్నం గంగాదేవి ఫోన్ చేసింది. ఆమెది కడప. జాబ్రియాలో కువైటీల ఇంట్లో పని; ఆ ఇంటి యజమానురాలిని 'మామా' అంటుంది. లక్ష్మీదుర్గ ఏం వండినా మొదట మెచ్చుకునేది ఆమే.

"ఏందక్కా ఇది? మా ఇంటి మామా ఎంత కసురుకున్నా, నన్ను మనిషివి కాదని మాత్రం అనలే."

లక్ష్మీదుర్గ నాలిక్కరుచుకుని, అదంతా యంత్రాల కోసమని సర్దిచెప్పబోయింది. అప్పటికే ఆలస్యమైంది. సెలవుకని ఖైతాన్‌లో ఒకే గదిలో చేరిన కడపవాళ్లంతా వరసగా నొక్కి చూసుకున్నారట. ఒక్కరూ మనిషి కాలేదు. మనుషులు కానివాళ్లకి పిక్నిక్ ఎందుకని మానేద్దామనుకుంటున్నారట.

సాయంత్రం కుక్కుటేశ్వరరావు గారే స్వయంగా వచ్చారు. ఆయనదీ కోనసీమే కాబట్టి లక్ష్మీదుర్గ ధైర్యంగా కాఫీ ఇచ్చింది. ఆయన చక్కెర వద్దన్నారు.

"షుగరొచ్చాక బెల్లం మానేశానమ్మాయ్. ఉన్నమాటే నొక్కాను. నన్నూ మనుషుల్లోంచి తీసేశారు."

మొగుడూ పెళ్లాలు కంగారుగా కంప్యూటరు తెరిచారు. కామెంట్లు బోలెడున్నాయి, అన్నీ గడియారాల వాళ్లవే. యంత్రం ఆలోచించకుండా మొదటి బొత్తాం నొక్కేస్తోంది. ఉదయ్‌కుమార్ మొదటి బొత్తానికి 'వేయాలి' అని పెట్టాడు.

గరిటె గంగాదేవికి వెళ్లింది, కడపవాళ్లంతా పిక్నిక్‌కి వచ్చారు. ఆమె బెల్లం లేకుండా చేసిన పులుసుని లక్ష్మీదుర్గ ఎవరూ చూడకుండా మారు వడ్డించుకుంది.

ఇంటికొచ్చి ప్రశ్న తీసేసింది, చెత్తంతా తుడిచేసింది. ఒక్క కామెంటు దగ్గర మాత్రం చెయ్యి ఆగింది: 'మీరు చెప్పింది అక్షరాలా నిజం. మా గడియారాలు కూడా చూడండి.'

బెల్లం విషయంలో తనతో ఏకీభవించిన ఒకే ఒక్క పాఠకుణ్ణి పోగొట్టుకోవడం ఆమెకి ఇష్టం లేకపోయింది.