అయస్కాంతానికి తగిలిన దిష్టి

సౌదీలోని రాబిగ్‌లో ఆ ఉదయం జనార్దన్ వేసుకున్న పథకం చాలా సాదాది. ల్యాబ్‌కు పోవాలి, ముదీర్ ఎదుట లేజర్ మీట నొక్కాలి, సంతకం చేయించుకోవాలి, వస్తూ వస్తూ కోడి తేవాలి. కొంపలు ముంచే పథకాలన్నీ ఇంత సాదాగానే ఉంటాయి.

సంతకం దేనికంటే, భార్య శ్రీలత, ఏడాదిన్నర పిల్లాడు వచ్చింది విజిట్ వీసా మీద. ల్యాబ్‌కు పెద్ద అయిన ముదీర్ అతన్ని హెల్పర్ నుంచి టెక్నీషియన్‌ను చేస్తేనే ఫ్యామిలీ వీసా. లేకపోతే నెలాఖరుకు తల్లీబిడ్డలు హైదరాబాద్ విమానం ఎక్కాల్సిందే.

శ్రీలత భయపడటంలో చెయ్యి తిరిగిన మనిషి. పిల్లాడు తుమ్మితే భయం, తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదని భయం. ఇలాంటి రోజున ఇక చెప్పేదేముంది. దానికి తోడు ఊరి నుంచి అత్త ముత్తవ్వ వీడియో కాల్‌లో ఉంది.

"పదిమంది కండ్లు పడ్తయి నా కొడుకు మీద. ఇనుము పెట్టినవా బిడ్డా?"

"పెడ్తున్న అత్తమ్మా. అంగీ జేబు లోపల పసుపు రాసిన పిన్నీసు. ఆయనకు చెప్పలే, చెప్తే తీసేస్తడు."

సరిగ్గా అప్పుడే పిల్లాడు చెప్పు నోట్లో పెట్టుకున్నాడు. శ్రీలత అటు పరుగెత్తింది. పిన్నీసు గుచ్చింది కానీ మూయలేదు. జనార్దన్ ఆ చొక్కానే తొడుక్కుని వెళ్ళాడు.

ఆ ల్యాబ్‌లో చేసే పని చెప్పుకుంటే చిన్నదే. అల్యూమినియం ముక్కను లేజర్‌తో కొడితే పైపొర ఆవిరై నిప్పురవ్వలా వెలుగుతుంది. అదే ప్లాస్మా. ఊరికే వదిలేస్తే రెప్పపాటులో చెదిరిపోతుంది. రెండు పక్కలా అయస్కాంతాలు పెడితే చెదరకుండా ఆగి, ఇంకా బాగా వెలుగుతుంది. ఈ రవ్వ కోసం ఒక భవనం, నలుగురు డాక్టరేట్లు, ఎప్పుడూ ఆగని ఏసీ.

అయస్కాంతాల దగ్గరికి ఇనుము రాకూడదన్నది అక్కడి మొదటి నియమం. ఆ రోజు దాన్ని జనార్దన్ మహా నిష్ఠగా అమలు చేశాడు. ఫోన్లు లాకర్‌లో పెట్టించాడు. ముదీర్ గడియారం, పెన్ను తీయించాడు. పాకిస్తానీ ఇంజనీరు ముజాహిద్ చేత బెల్టు విప్పించాడు. ఇంజనీరు ప్యాంటు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

అందరూ నల్లద్దాలు పెట్టుకున్నాక జనార్దన్ వంగి అయస్కాంతాలను ముక్కకు రెండు పక్కలా జరిపాడు. టిక్‌మంది. గాడిలో కూర్చున్నాయనుకున్నాడు. మీట నొక్కాడు. ఆ వెలుగులో ఏ లోహముంటే దాని గీతలు స్క్రీన్ మీద పడతాయి; అల్యూమినియం గీతలు నాలుగు రావాలి. గడ్డి మొలిచినట్టు ఇనుము గీతలు వచ్చాయి.

"లోహా కహాఁ సే ఆయా, భాయ్?" అని ఇనుమెక్కడిదని అడిగాడు ముజాహిద్.

"నాకేం తెల్సు సాబ్, నేనైతే అన్నీ తీయించిన."

ముక్క నకిలీదన్నారు, మార్చారు. మళ్ళీ ఇనుమే. ఎడారి దుమ్ములో ఇనుముంటుందన్నారు, ఏసీ ఆపారు. ఇనుముకు చెమట కూడా తోడైంది. ముదీర్ ఖాళీ మణికట్టు వైపు రెండుసార్లు చూసుకున్నాడు. జనార్దన్‌కు కోడి మీద ఆశ పోయింది.

అక్కడ ఇంట్లో శ్రీలతకు పిన్నీసు మూయలేదని గుర్తొచ్చింది. ఫోన్ చేసింది, ఎత్తలేదు. గుచ్చుకునే ఉంటుంది. పైమేడ మీదుండే ముజాహిద్ భార్య అఫ్షాన్ దగ్గరికి ఉరికింది. తనకొచ్చిన హిందీలో, ఆయన ఛాతీ దగ్గర పిన్నీసు గుచ్చుకుందేమో అంది. అఫ్షాన్ కంగారులో "ఏమో" వదిలేసి, ఛాతీలో ఇనుము దిగిందని ల్యాబ్ గేటుకు ఫోన్ చేసి చెప్పింది. గేటువాడు జాగ్రత్తపరుడు. గుండెల్లో కడ్డీ దిగిందని అంబులెన్స్‌కు చెప్పాడు.

స్ట్రెచర్ తోసుకుంటూ అంబులెన్స్ వాళ్ళు లోపలికొచ్చి జనార్దన్‌ను పడుకోబెట్టారు.

"నాకేం కాలే సాబ్, ఇడువుండ్రి."

షాక్‌లో ఉన్నవాళ్ళు అలాగే అంటారని వాళ్ళకు తెలుసు. చొక్కా విప్పారు. కడ్డీ లేదు. జేబు వెనక రెండు చిన్న బెజ్జాలు, పసుపు మరక ఉన్నాయి. ముజాహిద్ ఆ బెజ్జాలను చూశాడు, తర్వాత అయస్కాంతాన్ని చూశాడు. దాని అంచుకు అతుక్కుని, లేజర్ దారికి అడ్డంగా, కొన మాడిపోయిన పిన్నీసు.

జనార్దన్‌కు దాచడానికేమీ మిగల్లేదు. దిష్టి, అత్త, భార్య, వీసా, అంతా చెప్పాడు. ముజాహిద్ ఒక చేత్తో ప్యాంటు పట్టుకునే అదంతా అరబ్బీలో వినిపించాడు. ముదీర్ పిన్నీసును తీసి పక్కన పెట్టి, మీట నొక్కమని సైగ చేశాడు. అల్యూమినియం గీతలు నాలుగూ వచ్చాయి, అయస్కాంతాల మధ్య రవ్వ నిలబడి వెలిగింది.

ముదీర్ లాకర్ నుంచి పెన్ను తెప్పించుకుని సంతకం పెట్టాడు. యంత్రం అబద్ధం చెప్పలేదన్నాడు. ఇక ఆ ఇల్లాలి సంగతంటారా, ఇంట్లో కూర్చునే ల్యాబ్ మూయించి అంబులెన్స్ రప్పించింది, దేశం దాటించి అంత దూరాన ఉంచడం క్షేమం కాదు, ఇక్కడే కళ్ళెదుట ఉండనివ్వమన్నాడు.

జనార్దన్ కోడితో ఇంటికొచ్చి జరిగింది చెప్పాడు. శ్రీలత వెంటనే అత్తకు ఫోన్ కలిపింది.

"పిన్నీసు పనిచేసింది అత్తమ్మా. సంతకమైంది."

"ఇగ ల్యాబుకు ఇనుము తేవద్దన్నరే," అన్నాడు జనార్దన్ నీరసంగా.

"సరేనయ్యా, నాకు తెల్వదా. రేపటి సంది నిమ్మకాయ పెడ్త."

నిమ్మకాయను అయస్కాంతం లాగదు. ఆ మాత్రం శాస్త్రం ఆమె ఒక్కరోజులోనే నేర్చుకుంది.