పదిహేడులో పన్నెండు

మా నియోజకవర్గంలో ఇకమీదట ఒక్కడు కూడా దూరాభారాన ఉన్న పాత మోటార్ సైకిల్ కొని మోసపోడని, వాహన కొనుగోలు భద్రతా కమిటీ చైర్మన్ పాండురంగారావు గారు ముసునూరు సెంటర్లో మైకు పట్టుకుని ప్రకటించారు. అలాంటి కమిటీ ఒకటుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఆయనకూ ఆ ఉదయమే తెలిసింది.

తొలి లబ్ధిదారుడు చిన్నప్ప. చాట్రాయి తోటల్లో మామిడికాయలు కోస్తాడు. కూతురు షీబాకి మైలవరం ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది గానీ డ్యూటీ వేళకి బస్సు లేదు. రెండు సీజన్లు కూడబెట్టి, ఫోన్లో చిత్తూరు బండి ఒకటి చూసుకున్నాడు. అమ్మేవాడు ముందే డబ్బు పంపమంటున్నాడని భయపడి, సలహా కోసం చైర్మన్ గారి దగ్గరికొచ్చాడు. అలా దొరికిపోయాడు.

"చూడకుండా పైసా పంపకు. కమిటీయే వెళ్తుంది" అన్నారు చైర్మన్ గారు.

మూడు కార్లలో బయల్దేరాం. చిన్నప్పకి సీటు చాల్లేదు, బస్సులో రమ్మన్నారు. విలేకరిని గనక నాకు ముందు సీటే ఇచ్చారు.

చిత్తూరులో చైర్మన్ గారు బండి సీటు మీద రెండుసార్లు తట్టి, "కండిషన్ బ్రహ్మాండం" అన్నారు.

"స్టార్ట్ చేసి చూద్దామాండీ?" అన్నాను.

"ముందు దండ వెయ్యనివ్వండి."

ఈలోగా చిన్నప్ప కండువా తడిపి, చాసిస్ నంబరు మీద మురికి తుడిచి, ఆర్‌సీ కాగితం పక్కన పెట్టుకుని పదిహేడు అక్షరాలూ అంకెలూ ఒక్కొక్కటే చదివాడు.

"అండీ, నంబరు కలవట్లేదండీ."

"ఎన్ని కలవలేదు?"

"ఐదండీ."

"పదిహేడులో పన్నెండు కలిశాయా? ఫస్ట్ క్లాసయ్యా!"

కమిటీ చప్పట్లు కొట్టింది. అమ్మేవాడూ కొట్టాడు.

"నాకొద్దండీ. రేపు పట్టుబడితే జైలుకెళ్లేది నేనండీ" అన్నాడు చిన్నప్ప. ఆ నంబరు ఫొటో తీసుకుని బస్టాండుకి నడిచాడు. ఊరు చేరగానే ఫొటో పోలీస్ స్టేషన్లో ఇచ్చాడు.

అప్పటికే ఊళ్లో స్వాగత సభకి ఫ్లెక్సీలు కట్టేశారు. ఉత్త చేతుల్తో వెళ్తే ప్రజల నమ్మకం ఏం కావాలి? చైర్మన్ గారు పార్టీ ఫండ్‌తో అదే బండి కొని లారీ ఎక్కించారు.

ఆదివారం సభలో బండి స్టేజీ ముందు మెరిసిపోతోంది. లబ్ధిదారుడే ఇంకా దొరకలేదు. అప్పుడు చిన్నప్ప ఒకావిడని వెంటబెట్టుకొచ్చాడు. వెనకాల ఎస్సై గారు.

"ఈవిడ ఉమగారండీ. ఏలూరులో టీచరు. ఆ నంబరు బండి ఈవిడదండీ."

"మహిళా లబ్ధిదారు!" చైర్మన్ గారి ముఖం వెలిగిపోయింది. ఎస్సై గారు కంప్లైంట్ కాపీ తీయగానే, ప్రశంసాపత్రం అనుకుని దానికి ఒక అంచు తానూ పట్టుకుని ఫొటోకి నవ్వారు.

ఉమగారు హ్యాండ్‌బ్యాగులోంచి రెండో తాళంచెవి తీసి పెట్టారు. తిరిగింది. ఆవిడకి కళ్లనీళ్లొచ్చాయి.

"నాదేనండీ. నాలుగు నెలల కిందట మా స్కూలు గేటు ముందు పోయింది."

"ముమ్మాటికీ మీదేనమ్మా!" అన్నారు చైర్మన్ గారు మైకులో. ఆవిడ 'నాదేనండీ' తర్వాత అన్నదేదీ చప్పట్లలో ఆయనకి వినపడలేదు.

"స్టేషన్‌కి పదండి" అన్నారు ఎస్సై గారు ఉమగారితో. ఉమగారు బండి స్టార్ట్ చేశారు. చైర్మన్ గారు పచ్చజెండా ఊపారు. బండి వెనకాలే పోలీసు జీపు కదిలింది.

"చూశారా, ఎస్కార్ట్ కూడా ఇచ్చారు!" అన్నారాయన నాతో. "ఒక రౌండేసి వచ్చేస్తారు. కెమెరా రెడీగా పెట్టుకోండి."

కెమెరా పెట్టుకుని, కమిటీ మొత్తం రోడ్డుకేసి చూస్తూ నిలబడ్డాం.