పడితే పిలిచే ఫోను

వాషింగ్ మెషిన్ కొనుక్కొస్తానని వెళ్ళిన మనిషి ఫోను కొనుక్కొస్తే ఏ ఇల్లాలైనా ఏమంటుంది? ఈ ఇల్లాలు ఏమీ అనలేదు. నానబెట్టిన దుప్పటి తెచ్చి సరిగ్గా మొగుడి కాళ్ళ మీద పిండింది.

ఆయన ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా. తగ్గింపు ధర అంటే చాలు, బట్టతలకైనా దువ్వెన కొనే రకం. అందుకే తోటివాళ్ళు ఆఫరేశ్వర్రావు అంటారు.

“ఇవాళ దుకాణం మూసేలోపు ఇచ్చేస్తే తిరిగి తీసుకుంటారటగా,” అందావిడ. “ఈలోగా మనింటికి పనికొచ్చే గుణం ఒక్కటి చూపించండి, ఉంచుకుందాం. లేదంటే అది పోతుంది, మెషిన్ వస్తుంది.”

ఒక్కటేనా! ఆఫరేశ్వర్రావు వెంటనే కిటికీలోంచి కెమెరా ఎక్కుపెట్టాడు.

“చూడు, వీధి చివర చెప్పుల కొట్టు బోర్డు! అక్షరం అక్షరం చదవొచ్చు.”

“చదివాక?”

చదివాక ఏం చెయ్యాలో దుకాణంవాడు చెప్పలేదు.

“పోనీ, ఇది నీళ్ళలో అరగంట మునిగినా ఏమీ కాదు, తెలుసా?”

“నీళ్ళలో ఉండి ఏం చేస్తుంది?”

“ఏమీ చెయ్యదు. అదే దాని గొప్ప!”

“ఏమీ చెయ్యకుండా ఉండేవాళ్ళు ఈ ఇంట్లో ఒకరున్నారు, చాలు.”

ఆయన బుర్ర గిర్రున తిరిగింది. దుకాణంలో ఏనుగుల్లా నిలబడ్డ గుణాలన్నీ ఈవిడ ముందుకొచ్చేసరికి ఎలుకలైపోతున్నాయేమిటి?

చివరికి బ్రహ్మాస్త్రం తీశాడు. “నేను పడిపోయాననుకో, ఇదే కనిపెట్టి మనవాళ్ళందరికీ ఫోను చేస్తుంది!”

“పడండి, చూద్దాం.”

ఫోను జేబులో వేసుకుని మంచం మీద దబ్బున పడ్డాడు. అది ఉలకలేదు. సోఫా మీద పడ్డాడు. పలకలేదు.

“నాటకమని దానికీ తెలిసిపోయిందండీ.”

రోషమొచ్చి స్టూలెక్కాడు. దూకుదామా, జారుదామా అని ఆయన తేల్చుకునేలోపు స్టూలే తేల్చేసింది. దభీమని నేలకూలాడు. నడుము పట్టేసింది.

ఆవిడ పాత ఫోను మోగింది. “మీకు కావలసినవారు పడిపోయారు,” అందొక గొంతు.

“తెలుసమ్మా, చూస్తూనే ఉన్నా,” అని పెట్టేసింది.

“చూశావా! చేసిందా లేదా!” నేల మీది నుంచి ఆఫరేశ్వర్రావు కేక.

“పక్కనున్న నన్ను పిలవడానికి అంత ఫోనెందుకండీ? మీ గావుకేక చాలు.”

అంతలో తనకూ అదే కబురు ఫోనులో రావడంతో పక్కవీధి నుంచి అత్తగారు వేడినీళ్ళ సంచీతో రొప్పుతూ వచ్చింది. “అయ్యో అల్లుడుగారూ, ఏమైంది?”

“గెలిచానత్తయ్యా!”

అల్లుడి తలకు దెబ్బ తగిలిందని ఆవిడ భోరుమంది.

తల్లీకూతుళ్ళిద్దరూ ఆయన్ని మంచమెక్కించారు. తర్వాత ఇల్లాలు దుకాణానికి ఫోను చేసింది. “తిరిగివ్వాలంటే ఫోను తాళం తీసి తేవాలమ్మా. ఆయన ముఖం చూపిస్తే తెరుచుకుంటుంది,” అన్నాడు దుకాణంవాడు.

ఆఫరేశ్వర్రావుకు ప్రాణం లేచొచ్చింది. ముఖం చూపించకపోతే సరి! మూతి పక్కకు తిప్పాడు. ఒక కన్ను మూశాడు. ఆవిడ ఎటువైపు నుంచి ఫోను పెట్టినా అది ఈయనెవరో తెలియదనే అంది.

“పోనీ తాళం అంకెలు చెప్పండి.”

“పడ్డప్పుడు అన్నీ రాలిపోయాయే!”

ఆవిడ నిట్టూర్చి మంచం పక్కన కూర్చుంది. “సరే, అంత ముచ్చట పడుతున్నారు. ఉంచుకుందాంలెండి.”

“నిజంగానా?”

ఆయన ముఖం చేటంత అయింది. దుప్పటి చాటు నుంచి ఫోను పైకి లేచింది. టక్కున తెరుచుకుంది.

ఏమైందో ఆయనకు అర్థమయ్యేలోపు ఆవిడ చెప్పులు వేసుకుంటోంది.

“అమ్మా, ఈయన్ని చూస్తుండు, దుకాణం మూసేలోపు వచ్చేస్తా.” గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. “మూతి వంకర్లు తిప్పినంతసేపూ ఎవరో అంది, నవ్వగానే పట్టేసింది. మంచి ఫోనేనండీ, పాపం!”