డైరీ దగ్గరికి రా

ఆ రోజు న్యూ ప్లిమత్ నగరమంతా చూడాలని మెర్విన్ పథకం వేశాడు. పొద్దున సముద్రపు గట్టు వెంట నడక, గాలికి ఊగే ఆ పొడుగాటి ఎర్ర స్తంభం, మధ్యాహ్నం రాళ్ళ మీద కూర్చుని చేపలూ బంగాళాదుంప వేపుడూ, సాయంత్రం మబ్బు విడిస్తే పర్వతం. విడవకపోతే పర్వతం అక్కడే ఉందని నమ్మడం. మెర్విన్ మెల్‌బోర్న్‌లో ట్రాము నడిపి రిటైరైన మనిషి. ఆయనకు పథకమంటే పట్టాల్లాంటిది, దిగడానికి వీల్లేదు. ఇక వెనక్కి నడపడం ఆయనకు అసలు అలవాటు లేదు. ట్రాముకు రెండు చివరలా డ్రైవరు సీటు ఉంటుంది. వెనక్కి వెళ్ళాలంటే ఈ చివర నుంచి లేచి ఆ చివరకు నడిచి వెళ్ళి కూర్చుంటే సరిపోయేది. ఇప్పుడు అద్దెకు తీసుకున్న, మంచమూ పొయ్యీ ఉన్న క్యాంపర్ వ్యానులో ఈ సౌకర్యం లేదు.

వ్యాను మోజు ఆయనదే. ఇల్లు నడుపుకుంటూ ఒక దేశం చుట్టి రావాలని ఏళ్ళ తరబడి కలలు కన్నాడు. ఆ దేశం న్యూజిలాండే కావాలన్నదీ ఆయనే, ఎందుకంటే అది భార్య గ్లెనిస్ పుట్టిన దేశం. న్యూ ప్లిమత్ ఆవిడ సొంత ఊరు. పెళ్ళయి మెల్‌బోర్న్ వెళ్ళాక, పెళ్ళిళ్ళకూ చావులకూ విమానంలో వచ్చి పోవడమే తప్ప తీరిగ్గా వచ్చింది లేదు. "ఈసారి నీ ఊరు నీకు నేను చూపిస్తా" అన్నాడు మెర్విన్. ఆవిడ నవ్వి ఊరుకుంది.

తీరా వచ్చాక చిక్కు మొదలైంది. సొంత నేల తగలగానే గ్లెనిస్ నాలుకకు పాత మాటలు గుర్తొచ్చాయి. నలభై ఏళ్ళు మెల్‌బోర్న్ మాట మాట్లాడిన మనిషి హవాయి చెప్పుల్ని జాండల్స్ అంటోంది, ఐసు పెట్టెను చిల్లీబిన్ అంటోంది. మొదట్లో మెర్విన్ వెక్కిరించాడు. మాటిమాటికీ "మా ఇంటి దగ్గర గాలే వేరు", "మా ఇంటి దగ్గర ఇసక నల్లగా ఉంటుంది" అంటుంటే వెక్కిరించడం మానేశాడు. ఇల్లంటే ఆయన ఉద్దేశంలో మెల్‌బోర్న్‌లో, కోబర్గ్ పేటలో, పెరట్లో నిమ్మచెట్టున్న ఇల్లు ఒక్కటే.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ముందురోజు సాయంత్రం ఇంకొకటి జరిగింది. మెర్విన్ వ్యానులోని మరుగుదొడ్డి పెట్టెను ఖాళీ చేయడానికి చేత్తో పట్టుకుని వెళ్తున్నాడు. వ్యాను వెనకాల గ్లెనిస్ ఫోనులో చెల్లెలు బెరిల్‌తో మాట్లాడుతోంది. బెరిల్ ఈ ఊళ్ళోనే ఉంటుంది. భర్త పోయినప్పటి నుంచి "ఇంత ఇంట్లో ఒక్కదాన్నే, వచ్చెయ్యవే" అని అక్కను పోరుతూనే ఉంది.

"ఇంక నావల్ల కాదు బెరిల్. ఇంటికి వెళ్ళిపోవాలనుంది. మెర్వ్‌కి ఎలా చెప్పను చెప్పు? గుండె పగిలిపోతుంది ఆ పిచ్చి మనిషికి. ఆఁ, రేపు డైరీ దగ్గర చెప్పేస్తాలే."

మెర్విన్ ఆ పెట్టెను చేతిలో పట్టుకునే చాలాసేపు నిలబడ్డాడు. ఆ మైదానంలో వ్యానులు ఆపుకున్న ఇతర యాత్రికులు గాలి వాలు చూసుకుని ఆయనకు దూరంగా జరిగారు.

మర్నాడు పొద్దున గ్లెనిస్ గడ్డి టోపీని మంచం మీదే వదిలేసి, జోళ్ళు వేసుకుంది. "పాలు అయిపోయాయి మెర్వ్. నేను గట్టు వెంట నడిచి వెళ్తున్నా. నువ్వా పెట్టె కడిగేసి, వ్యాను తీసుకుని పదకొండింటికి డైరీ దగ్గరికి రా. ఒక మాట చెప్పాలి."

"డైరీ దగ్గరికా?" అన్నాడు మెర్విన్.

"అక్కడికే. చిన్నప్పుడు పొద్దస్తమానం అక్కడే కదా నేను పడి ఉండేది. ఇంకా అలాగే ఉందట, బెరిల్ చెప్పింది." ఆవిడ వెళ్ళిపోయింది. ఇద్దరికీ కలిపి ఉన్న ఒక్క ఫోనూ వ్యానులో ఛార్జింగు పెట్టే ఉంది.

ఇక్కడ ఒక సంగతి విన్నవించుకోవాలి. న్యూజిలాండ్‌లో డైరీ అంటే వీధి చివరి కొట్టు. పాలు, రొట్టె, పేపరు, పిల్లలకు ఐస్‌క్రీం దొరికే చోటు. మెల్‌బోర్న్‌లో దాన్నే మిల్క్ బార్ అంటారు, కాపురానికి వెళ్ళిన వారంలోనే గ్లెనిస్ ఆ మాట నేర్చుకుని సొంత మాట అటక మీద పెట్టేసింది. కాబట్టి ఆ ఇంట్లో నలభై ఏళ్ళుగా డైరీ అంటే ఒకటే: ఊరి బయట ఆవిడ తండ్రి నడిపి అమ్మేసిన పాల డైరీ. మెర్విన్ పిల్లనడగడానికి వెళ్ళింది అక్కడికే. మామగారు జవాబు చెప్పకుండా ఒక జత రబ్బరు బూట్లు చేతికిచ్చారు. పాలు పితకబోతే ఒక ఆవు మెర్విన్‌ను తన్నింది. "పాలిచ్చే ఆవు తన్నినా భరించాలయ్యా, కాపురమూ అంతే" అని అప్పుడు పిల్లనిచ్చారు.

మెర్విన్ సముద్రానికి వీపు పెట్టి, పర్వతం ఉండాల్సిన దిక్కుకు వ్యాను పోనిచ్చాడు. దారి సన్నబడింది. కుడీ ఎడమా ముళ్ళ కంచెలు, కాలవలు. డైరీ గేటు దగ్గర ఒకావిడ చేతిలో కర్రతో నిలబడి ఉంది. పేరు నైరీ. ఆ డైరీ ఇప్పుడు ఆవిడది.

"కియా ఓరా, నమస్తే పెద్దాయనా. పనికోసం వస్తానన్నది నువ్వేనా?"

ఆ ప్రశ్న మెర్విన్ బుర్రకెక్కలేదు. "మా ఆవిడ వచ్చిందా?" అన్నాడు.

"ఇంకా రాలేదే. ఇద్దరూ కలిసే వస్తారనుకున్నా."

నైరీ పాలు పితికే పనికి ఒక జంట కావాలని, ఉండటానికి ఇల్లు కూడా ఇస్తానని ప్రకటన వేసింది. ఒక జంట ఆ పూటే వస్తామంది. మెర్విన్‌కు అదేమీ తెలియదు. "ఫోన్లో మాట్లాడిందా మీతో?" అన్నాడు నీరసంగా.

"మాట్లాడకేం. ఇంటి గురించి గుచ్చిగుచ్చి అడిగింది. పొయ్యి ఎలాంటిది, మంచం మెత్తనిదేనా, కిటికీలోంచి పర్వతం కనిపిస్తుందా అని. రా, చూద్దువు గాని."

అనుమానం పెనుభూతం అన్నారు. మంచం మెత్తదనం గురించి అడిగే ఆడది ఈ భూమ్మీద గ్లెనిస్ ఒక్కతే అని మెర్విన్ నమ్మకం. ఇల్లు చిన్నదే. పడగ్గది కిటికీలోంచి మబ్బు కనిపించింది. మెర్విన్‌కు ముందు కోపం వచ్చింది. ఒక్క మాటైనా చెప్పకుండా ఇల్లు కూడా కుదిర్చేసిందా అనుకున్నాడు. ఆ కిటికీ ముందు నిలబడేసరికి కోపం నిలవలేదు. ఈ పచ్చికా ఈ మబ్బూ వదిలేసి, ట్రాముల గోలలో తనతో నలభై ఏళ్ళు ఉంది. ఒక్కనాడైనా వెళ్ళిపోతానని అనలేదు. ఇప్పుడు అంటోందంటే ఎంత బెంగ పెట్టుకుందో. ఆవిడ లేని కోబర్గ్ ఇల్లు తలుచుకుంటే ఆయనకు నిజంగానే భయం వేసింది.

"ఒప్పుకుంటున్నా" అన్నాడు.

"ఆవుల పని తెలుసా?"

"ఒకసారి తన్నించుకున్నా."

"తెల్లారగట్ల నాలుగింటికి లేవాలి."

"ట్రాము డిపోకి మూడున్నరకే లేచేవాణ్ణి."

"ఎన్నాళ్ళుంటారు?"

"మా ఆవిడ ఉన్నన్నాళ్ళు."

నైరీ ఆయన్ని ఎగాదిగా చూసి చెయ్యి చాచింది. మెర్విన్ చెయ్యి కలిపాడు. "సరే మరి, ఆ వ్యాను కాస్త వెనక్కి తియ్యి. ఆవుల్ని ఈ దారిన అవతలి పచ్చికలోకి తోలాలి. పాల ట్యాంకరు కూడా వచ్చే వేళైంది" అంది.

మెర్విన్ వ్యాను ఎక్కాడు. ముందుకు, వెనక్కి, మళ్ళీ ముందుకు. నాలుగో ప్రయత్నంలో వ్యాను దారికి అడ్డంగా తిరిగి, వెనక చక్రం కాలవలో దిగబడింది. సరిగ్గా అప్పుడే ఇటు నుంచి రెండు వందల ఆవులు, అటు నుంచి ట్యాంకరు వచ్చాయి. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, మెర్విన్‌కు ఇటు ఆవులు, అటు ట్యాంకరు. గొయ్యి మాత్రం విడిగా ఉండనే ఉంది.

"ఎక్కడి నుంచి పెద్దాయనా నువ్వు?" అంది నైరీ.

"మెల్‌బోర్న్."

"ఆస్ట్రేలియావాడివా. అదీ సంగతి. క్రికెట్లో మేం గెలవకుండా ఆఖరి బంతిని నేలమీద దొర్లించిన జాతికి వ్యానును కాలవలోకి దొర్లించడం ఒక లెక్కా." ట్యాంకరు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, ఆ మాటకు హారను కొట్టి మరీ మద్దతు తెలిపాడు. హారనుకు ఆవులు బెదిరి వ్యాను చుట్టూ మూగాయి. ఒకటి అద్దం నాకింది. ఇంకొకటి పక్కతలుపులోంచి తల లోపలికి పెట్టి గ్లెనిస్ గడ్డి టోపీని నింపాదిగా నమలసాగింది.

వ్యానులో ఫోను మోగింది. మెర్విన్ ఆవు మెడ కింది నుంచి దూరి అందుకున్నాడు.

"ఎక్కడ చచ్చావు? ఎంతసేపని చూడను?" గ్లెనిస్ గొంతు.

"డైరీ దగ్గరే ఉన్నా."

"నేనూ డైరీ దగ్గరే ఉన్నా. కనబడవేం?"

"ఆవులు అడ్డమొచ్చాయి."

"మెర్వ్, పొద్దున్నే ఏమన్నా తాగావా?"

"నీళ్ళు కూడా తాగలేదు. నువ్వు ఏ పక్కనున్నావు?"

"ఐస్‌క్రీం పెట్టె పక్కన."

"ఇక్కడ పాల ట్యాంకుంది, అదేనా? అక్కడే ఉండు, కదలకు. ఇల్లు చూశా గ్లెన్, మంచం మెత్తగానే ఉంది—"

టోపీ అయిపోయింది కాబట్టి ఆవు తల తిప్పింది. ఫోను దాని ముక్కుకు తగిలి ఎగిరి బయట పేడలో పడింది. పేడ వేడిగా ఉంది.

కొట్టులో గ్లెనిస్ రిసీవరు వంక చూస్తూ నిలబడింది. "ఏమంటాడు?" అని అడిగింది కొట్టు యజమానురాలు హంసాబెన్.

"ఆవులు అడ్డమొచ్చాయట."

"మా డైరీ ముందు ఆవు ఎక్కడిదమ్మా?"

గ్లెనిస్ పేపర్ల బల్ల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక నవ్వింది. చివరికి కళ్ళు తుడుచుకుని, "మా నాన్న డైరీకి వెళ్ళాడు" అంది. హంసాబెన్ భర్తను గల్లా దగ్గర కూర్చోబెట్టి, కారు తీసింది.

వాళ్ళు చేరేసరికి నైరీ ట్రాక్టరుకు గొలుసు కట్టి వ్యానును లాగేసింది. ట్యాంకరు పాలు నింపుకోవడానికి లోపలికి వెళ్ళింది. మెర్విన్ మోకాళ్ళ దాకా బురదతో వ్యాను మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. గ్లెనిస్ చేతిలో ఐస్‌క్రీం కోను కారిపోతోంది.

"ఇది నీ వంతు, మూడోది" అందావిడ. "మొదటి రెండూ కరిగిపోతుంటే నేనే తిన్నా. ఇక్కడికెందుకొచ్చావయ్యా?"

"నువ్వేగా రమ్మన్నావు." మెర్విన్ కోను అందుకున్నాడు గానీ తినలేదు. "నేను ఒప్పుకున్నా గ్లెన్. చెయ్యి కలిపేశా."

"దేనికి?"

"ఇక్కడ ఉండిపోవడానికి. నిన్న బెరిల్‌తో అంటుంటే విన్నా. ఇంటికి వెళ్ళిపోవాలనుందన్నావు. నాకు గుండె పగిలిపోతుందన్నావు. పగల్లేదు, చూడు." ఆ చివరి మాట దగ్గర గొంతు కాస్త పగిలింది.

గ్లెనిస్ ఆయన పక్కనే మెట్టు మీద ఇరుక్కుని కూర్చుంది. "ఓరి నా పిచ్చి మెర్వ్. నేనన్న ఇల్లు కోబర్గ్‌లో ఇల్లు."

ఐస్‌క్రీం మెర్విన్ వేళ్ళ మీదికి కారింది.

"నా నడుం పడిపోయింది. రాత్రి బల్లని మంచం చెయ్యి, పొద్దున మంచాన్ని బల్ల చెయ్యి. ఇంట్లో అయితే నీ గురక గదంతా తిరుగుతుంది, ఈ డబ్బాలో తిన్నగా నా చెవిలోకే వస్తోంది. నా మంచం మీద నేను పడుకోవాలి. నువ్వేమో ఈ వ్యాను చూసుకుని పసిపిల్లాడిలా మురిసిపోతున్నావు. ఎలా చెప్పను? అందుకే చేతిలో ఐస్‌క్రీం పెట్టి చెబుదామనుకున్నా."

"మరి మాటిమాటికీ మా ఇల్లు, మా ఇల్లు అంటావేం ఇక్కడ?"

"పుట్టిన చోటుని ఎవరైనా అలాగే అంటారు. అలాగని అక్కడే పడుకుంటారా?"

మెర్విన్‌కు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, ఏది ముందో తేలక ఐస్‌క్రీం నాకడం మొదలుపెట్టాడు. కాసేపటికి గ్లెనిస్ మెల్లగా అడిగింది. "నిజంగా ఉండిపోయేవాడివా? ఈ ఆవుల మధ్య?"

"నువ్వు ట్రాముల మధ్య ఉండలేదూ?"

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పేడ కంపు కొడుతోంది. అయినా వదల్లేదు.

నైరీ దగ్గి గొంతు సవరించుకుంది. "మీ ఇద్దరి సంగతీ తేలింది, సంతోషం. మరి నా సంగతేంటి? వస్తామన్న జంట ఇప్పుడే ఫోను చేశారు, వేరేచోట కుదిరారట. మధ్యాహ్నం పాలు తీయాలి. నువ్వు చెయ్యి కలిపావు పెద్దాయనా. మీ దేశంలో దాని విలువెంతో నాకు తెలీదు."

మెర్విన్ బిక్కమొహం వేసి భార్య వంక చూశాడు. గ్లెనిస్ లేచి, నైరీ దగ్గర రెండు జతల రబ్బరు బూట్లు అడిగి తీసుకుంది. "ఆదివారం దాకా ఉంటాం, ఈలోగా మనిషిని చూసుకోండి. ఆ ఇంట్లో మెత్తటి మంచం నాది. తర్వాత వ్యాను ఇచ్చేసి ఇంటికెళ్ళిపోతాం."

"ఏ ఇంటికి?" అన్నాడు మెర్విన్. ఆ ఒక్కరోజుకే ఆయనకు బుద్ధి వచ్చింది.

"నిమ్మచెట్టున్న ఇంటికి" అందావిడ, బూట్లలో కాలు దూరుస్తూ.

మధ్యాహ్నం పాకలో గ్లెనిస్ చేతులు నలభై ఏళ్ళ కిందటి పనిని మరిచిపోలేదు. యంత్రం గొట్టాలు ఒకదాని తర్వాత ఒకటి పొదుగులకు తగిలిస్తూ, తండ్రి ఈల వేసిన పాత పాట ఒకటి ఈల వేసింది. మెర్విన్ ఆవిడ వంక చూస్తూ నిలబడి, పొందాల్సిన తన్ను ఒక ఆవు దగ్గర పొందాడు. సాయంత్రం మబ్బు విడిచింది. కిటికీలో పర్వతం, తల మీద మంచుతో, పథకంలో రాసుకున్న వేళకే కనిపించింది. ఇద్దరూ మంచం అంచున కూర్చుని, కాళ్ళు కదపలేక, దాన్నే చూశారు.

మెర్విన్ టీ పెట్టి, వ్యానులోంచి సామాను తెచ్చుకున్న పెట్టంతా పాల కోసం వెతికాడు. పొద్దున పాలకని వెళ్ళిన గ్లెనిస్ తెచ్చింది ఐస్‌క్రీం ఒక్కటే. పాకదాకా మళ్ళీ నడిచే ఓపిక ఇద్దరిలో ఎవరికీ లేదు. రెండు వందల ఆవుల పాలు తీసి వచ్చిన ఆ దంపతులు ఆ పూట పాలు లేని టీ తాగారు.