గండి పూడ్చే మహోత్సవం

ఒక పెద్ద అడవిలో, వాగు గట్టుకి దిగువన మా పేట ఉండేది. నలభై కాపురాలు. గట్టు ఎత్తులో, మేం పల్లంలో. గట్టు బాగుంటే మేం బాగుంటాం, అంతే.

ఆ గట్టుకి ఒకచోట పిడికెడు చిల్లి. దాన్ని ఆనుకునే ముళ్ళపంది సీతాలక్క బొరియ. రోజూ పొద్దున్నే ఆవిడ నోటినిండా బంకమన్ను తెచ్చి చిల్లికి అద్ది, కాళ్ళతో తొక్కి, పిల్లలకి పాలివ్వడానికి వెళ్ళిపోయేది. తెల్లారేసరికి నీళ్ళు మళ్ళీ కాస్త నాకేసేవి. మళ్ళీ అద్దేది. దీన్ని సేవ అంటారని ఆవిడకీ తెలీదు, మాకూ తెలీదు.

నేను ఉడతని. ఎదురు చెట్టు మీదే ఉంటాను కాబట్టి రోజూ చూసేదాన్ని. చూశానని ఎవరికీ చెప్పలేదు, అది వేరే సంగతి.

ఒకరోజు, పక్క అడవిలో పెళ్ళికెళ్ళొచ్చిన నక్క దశరథంగారు అందర్నీ పిలిచారు.

"అక్కడ సేవా సంఘం పెట్టుకున్నారర్రా. ఉత్తమ పేట అని పలక కూడా ఇచ్చారు. మనకేం తక్కువ? మన పేటని మనమే బాగుచేసుకోవాలి."

నాకైతే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పదవులు పంచేసరికి మధ్యాహ్నమైంది. అధ్యక్షులు దశరథంగారే. ఆరుగురు ఉపాధ్యక్షులు, పదకొండుమంది సంయుక్త కార్యదర్శులు, మిగతా అంతా గౌరవ సలహాదారులు. నేను ఏడో సంయుక్త కార్యదర్శిని.

"మరి సభ్యులెవరు?" అనడిగింది అడవిపంది.

వెతికితే సీతాలక్క ఒక్కతే మిగిలింది. ఆ టైములో మట్టి తొక్కుతూ మీటింగుకి రాలేదు.

మొదటి కార్యక్రమం గట్టు చిల్లికి శ్రమదానం. ముఖ్య అతిథి ఏనుగు భద్రయ్యగారు. తొలి తట్ట ఆయనే వెయ్యాలి. కోతి రంగడు టేకాకులు కుట్టి బ్యానరు తయారుచేశాడు: 'గండి పూడ్చే మహోత్సవం'. ఏనుగు బొమ్మ పెద్దది. దశరథంగారి బొమ్మ అంతకంటే కొంచెం పెద్దది.

తీరా బ్యానరు కట్టడానికి వెళ్తే గండి లేదు.

"ఏదమ్మా గండి?" అన్నారు దశరథంగారు.

"పొద్దున్నే పూడ్చేశాను బాబుగారూ," అంది సీతాలక్క.

"ఎవర్నడిగి?"

"నీళ్ళొచ్చేస్తుంటే ఎవర్నడుగుతామండీ."

"బాగుంది. ఇక భద్రయ్యగారొచ్చి ఏం పూడుస్తారు, నా మొహమా?"

అక్కడికక్కడే తీర్మానం చేశారు. సంఘం అనుమతి లేకుండా ఎవరూ ఒంటరిగా సేవ చెయ్యరాదు. ఆ వెంటనే తవ్వకం మొదలైంది. తొలి గుప్పెడు మట్టి తీసింది నేనే. ఉడతా భక్తిగా.

పిడికెడు తవ్వాక కోతి రంగడు దూరం జరిగి చూశాడు. "బ్యానరు మీద గండి అని ఉంది సార్. ఇది చూస్తే ఎలకబొక్కలా ఉంది."

నిజమే మరి. బ్యానరు మార్చాలంటే మళ్ళీ టేకాకులు కావాలి. గట్టయితే ఎదురుగానే ఉంది. ఇంకాస్త తవ్వాం. ఎవరూ పూడ్చెయ్యకుండా ఇద్దరు ఉపాధ్యక్షుల్ని కాపలా పెట్టాం. నీళ్ళు సన్నగా సీతాలక్క గడపలోకి దిగాయి.

మొదటి వారం భద్రయ్యగారికి చెరుకుతోటలో పనిపడింది. రెండోవారం దంతం నొప్పి. మూడోవారానికి మబ్బులు దిగాయి.

సీతాలక్క నా చెట్టు కిందకొచ్చింది.

"ఒసే ఉడతా, రోజూ చూస్తూనే ఉన్నావు కదే. రెండు తట్టల మట్టి చాలు. నా పిల్లలకి ఈత రాదు. నువ్వైనా సంఘంవాళ్ళకి చెప్పవే."

"తీర్మానం అయిపోయిందక్కా," అన్నాను. ఏడో సంయుక్త కార్యదర్శి అలాగే మాట్లాడాలి.

ఆవిడ వెనక్కి తిరిగి పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది. నాలుగు తిట్టుంటే బాగుండేది.

నాలుగోవారం జోరువానలో భద్రయ్యగారు వచ్చారు. దండలయ్యాయి, ఉపన్యాసమయ్యింది. మిగిలింది ఫోటో. మా దగ్గర ఫోటో అంటే వడ్రంగిపిట్ట చెక్క మీద బొమ్మ చెక్కాలి. గంటసేపు ఎవరూ కదలకూడదు. భద్రయ్యగారు తొండంతో తట్ట ఎత్తి, గండి పక్కనే గట్టు మీద నిలబడ్డారు. వెనక మేమందరం తట్టలతో, పళ్ళు కనపడేలా నవ్వుతూ. కాళ్ళ కింద వాగు పోటెత్తుతోంది.

ఇంతలో సీతాలక్క ఒక పిల్లని నోట కరుచుకుని మా ముందునుంచి మెట్ట మీదకి పరిగెత్తింది.

"అమ్మా, ఫ్రేములోంచి తప్పుకో," అంది వడ్రంగిపిట్ట.

ఆవిడ మళ్ళీ బొరియ దగ్గరికి దిగి రెండో పిల్లతో వచ్చింది. "సభ్యురాలికి ఇంగితం ఉండక్కర్లా," అన్నారు దశరథంగారు, పెదాలు కదలకుండా.

భద్రయ్యగారికి కాలు తిమ్మిరెక్కి, అటు కాలి బరువు ఇటు కాలి మీదకి మార్చారు. అంతే, గట్టు కూర్చుండిపోయింది.

ఎవరూ పోలేదు. పేట పోయింది. భద్రయ్యగారు తట్టతోసహా కిలోమీటరు దిగువన తేలారు. మేం బ్యానరు పట్టుకుని ఈదుకుంటూ మెట్ట చేరాం. సీతాలక్క పిల్లల్ని పక్కకి జరిపి మాకు చోటిచ్చింది.

ఫోటో మాత్రం చాలా బాగా వచ్చింది. అది చూసి పక్క అడవివాళ్ళు మాకు 'ఉత్తమ సేవా పేట' పలక పంపారు. పేట ఎక్కడుందో తెలీక నాలుగురోజులు ఆలస్యంగా అందింది.

వాన వెలిసిన పొద్దున సీతాలక్క నోటినిండా బంకమన్నుతో గట్టువైపు నడిచింది. నేనూ గుప్పెడు మట్టి తీసుకుని వెనకే వెళ్ళాను.

"ఆగండాగండి," అంటూ దశరథంగారు అడ్డమొచ్చారు. "ఇప్పటికి గండి బ్యానరుకి సరిపోయింది. కానీ ఇంతదానికి ఒక్క ఏనుగు చాలదు. ఇద్దర్ని పిలవాలి."

సీతాలక్క నోట్లో మన్నుతోనే ఆయన పక్కనుంచి నడిచి వెళ్ళిపోయింది. నేను మాత్రం చేతిలో మట్టిని వీపు వెనక దాచుకున్నాను. పలక మీద నా పేరు కూడా ఉంది మరి.

నీతి: మంచిపని చెయ్యాలనుకునేవాళ్ళు, ముందు దాన్ని ఇంకెవరూ చేసెయ్యకుండా కాపలా పెట్టుకోవాలి.