ప్రశాంతంగా గడిచిన వారం

ఆ ఇంట్లో శనివారం ఫ్రిజ్ తలుపు మీద మొదలవుతుంది. ఆసుపత్రిలో నలభై మంచాల వార్డును ఒంటిచేత్తో నడిపే హెడ్ నర్సు ఇంటికి వచ్చాక మొగుణ్ణీ, కూతుర్నీ, కన్నతల్లినీ కూడా అదే పద్ధతిలో నడుపుతుంది. ఆ వారం ఫ్రిజ్‌కు అంటించిన కాగితం మీద ఇలా ఉంది: ఎనిమిదింటికి కర్టెన్లు విప్పి ఉతకడం, ఆయన. తొమ్మిదింటికి బజారు, నేనూ అమ్మా. పన్నెండు లోపల మిక్సీ రిపేరుకు, ఆయన. నాలుగింటికి పాపసంకీర్తనం, అందరూ. ఆదివారం ఎనిమిదింటికి పూజ, మాత అప్పగింత. చివరి రెండు మాటల కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు ఉన్నాయి.

మాత అంటే హాల్లో చిన్న బల్ల మీద ఉన్న మరియమాత స్వరూపం. మూరెడు ఎత్తు, నీలి వస్త్రం, ముందుకు చాచిన రెండు చేతులు. ఆ చర్చి కిందికి వచ్చే ఇళ్ళకు మాత వారానికొకటి చొప్పున వెళుతుంది. వెంట ఒక నోటు పుస్తకం కూడా వెళుతుంది, ఆ వారం ఎలా గడిచిందో ప్రతి కుటుంబమూ అందులో రాయాలి. ఆదివారం పూజ చివర ఒక కుటుంబం అప్పగిస్తే మరో కుటుంబం అందుకుంటుంది. ఆ మధ్యలో మరియ సంఘం అధ్యక్షురాలు నిలబడి, గొలుసుకు వేలాడే కళ్ళద్దాలు పెట్టుకుని, అందరి ముందూ స్వరూపాన్ని పరీక్షిస్తుంది.

నాలుగేళ్ళ కిందట మాత ఈ ఇంటికి వచ్చినప్పుడు, ఇరుగుపొరుగు అంతా కూర్చుని జపమాల చెబుతుంటే ఇంటాయన గురక పెట్టాడు. అప్పటినుంచి వీళ్ళ పేరు జాబితాలో కిందికి జారుతూ పోయింది. మళ్ళీ వంతు రావడానికి హెడ్ నర్సు ఏడాదిపాటు అధ్యక్షురాలి ఇంటికి వెళ్ళి ఆవిడ మోకాళ్ళకు కాపడం పెట్టింది.

"ఏమండీ, ఈసారి కూడా ఏదన్నా జరిగితే నేనిక చర్చిలో తలెత్తుకోలేను. ఒక్క రోజు జాగ్రత్తగా ఉండండి చాలు," అంది బజారు సంచులు తీసుకుంటూ. గుమ్మం దాటబోయి మళ్ళీ వెనక్కి తిరిగింది. "మిక్సీని ఆ మూలకొట్టుకు మాత్రం ఇవ్వకండి. ఆ తాతకు ఏమీ రాదు. బజారు చివర కొత్త షాపుకు తీసుకెళ్ళండి."

"అలాగేలే," అన్నాడు ఆయన.

ఆయన ఇన్సూరెన్స్ సర్వేయరు. గుద్దుకున్న కార్లనూ కాలిన గోదాములనూ చూసి, వాటి యజమానులు చెప్పే కథల్లో నిజమెంతో తేల్చడం ఆయన ఉద్యోగం. పాత దెబ్బను కొత్త దెబ్బగా చూపించేవాణ్ణి ఆమడ దూరం నుంచే పసిగడతానని ఆఫీసులో చెప్పుకుంటాడు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా మోసపోలేదట. కర్టెన్లు విప్పడం అలాంటివాడికి ఒక లెక్కలోది కాదు. స్టూలెక్కి కర్టెన్ కడ్డీని ఒక పక్క ఊడదీశాడు. రెండో పక్క తనంతట తానే ఊడింది. కడ్డీ గిరుక్కున తిరిగి, మాత కుడిచేతికి తగిలీ తగలనట్టు తగిలింది. టిక్కుమని చిన్న చప్పుడైంది. మణికట్టు దాకా చెయ్యి ఊడి సోఫా కిందికి దొర్లిపోయింది.

సోఫా కింద దూరి దాన్ని బయటికి తీసింది చిట్టి. చిట్టికి తొమ్మిదేళ్ళు. ఆ సాయంత్రమే తన తొలి పాపసంకీర్తనం, అంటే ఫాదర్ దగ్గర మోకరించి చేసిన పాపాలు ఒప్పుకోవడం. నెల రోజులుగా చర్చిలో ఉపదేశి టీచరు పాపాలన్నిటినీ రకాలవారీగా నేర్పుతూండడంతో, ఇంట్లో ఎవరు ఏం చేసినా అది ఏ రకంలోకి వస్తుందో తేల్చేదాకా ఆ పిల్లకు నిద్రపట్టడం లేదు. విరిగిన చెయ్యి చూసి చిట్టి పెద్దగా కంగారు పడలేదు.

"అమ్మకు చెప్పొద్దంటావా నాన్నా?"

"చెప్పొద్దని కాదు తల్లీ. ఇప్పుడే చెప్పొద్దని."

"సరే. ఇంకో ఒట్టు," అని నిట్టూర్చి ఆయన అరచేతిలో చెయ్యి వేసింది.

సొరుగులో జిగురు దొరికింది. అయిదు సెకన్లలో అతుక్కుంటుందని ట్యూబు మీద రాసి ఉంది. అది అబద్ధం, రెండే సెకన్లలో అతుక్కుంది. అయితే అతుక్కున్నది మాత మణికట్టుకు కాదు, సర్వేయరు బొటనవేలికి. సబ్బు రుద్దాడు, నూనె రాశాడు, వేణ్ణీళ్ళలో ముంచాడు. చిట్టి ఒక చివర పట్టుకుని లాగబోతే కెవ్వుమన్నంత పని చేశాడు. ఆ చిన్న చెయ్యి మాత్రం ఆయన వేలి మీద నిలబడి, ఎదుటివాళ్ళను దీవిస్తూనే ఉంది.

చేసేది లేక వేలికి కట్టు కట్టుకున్నాడు. మాతను తువ్వాళ్ళలో చుట్టి మిక్సీ అట్టపెట్టెలో పడుకోబెట్టాడు. బల్ల ఖాళీగా ఉంటే రాగానే భార్య కంట పడుతుంది. కాబట్టి పెద్ద జారు బిగించిన మిక్సీని అక్కడ నిలబెట్టి, పైన తెల్లటి కర్టెన్ ఒకటి కప్పాడు. ఎత్తు సుమారుగా సరిపోయింది.

"నాన్నా, ఇది అబద్ధం కిందికి వస్తుందా, దాచడం కిందికి వస్తుందా?" అంది చిట్టి.

"సర్దడం కిందికి వస్తుంది."

పెట్టె చంకన పెట్టుకుని తలుపు తీసేసరికి ఎదురుగా భార్య, ఆమె వెనక మెట్లెక్కుతూ అత్తగారు. ఇరవై ఏళ్ళు వార్డు చూసిన కళ్ళు మొదట వెళ్ళింది కట్టు మీదికే.

"వేలికి ఏమైంది?"

"కాస్త తెగింది."

"ఏదీ, విప్పండి చూస్తాను."

"విప్పితే రక్తం వస్తుందేమో."

"రక్తం నాకు కొత్తా? ఇంత వాచిందేమిటండీ, వేలికి ఇంకో చెయ్యి మొలిచినట్టుంది," అంటూ ఆయన వేలు పట్టుకుని కట్టు కొస లాగింది. సర్వేయరు కళ్ళు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే అత్తగారి చేతిలో సంచి అడుగు తెగింది. అయిదు కిలోల బంగాళాదుంపలు మెట్లమీదుగా వీధిలోకి దారి పట్టాయి. హెడ్ నర్సు వాటి వెనక పరిగెత్తింది. మిక్సీ మిక్సీ అని గొణుక్కుంటూ సర్వేయరు వాటికంటే ముందు వీధి మలుపు తిరిగాడు.

నేరుగా మూలకొట్టుకే వెళ్ళాడు. భార్య వద్దన్న కొట్టు కాబట్టి భార్య ఎన్నటికీ అడుగుపెట్టని కొట్టు అదొక్కటేనని ఆయన తర్కం. లోపల ఆగిపోయిన గడియారాల మధ్య, రెక్కల్లేని ఫ్యాన్ల మధ్య ఒక తాత కంటికి భూతద్దం పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పెట్టె తెరిచి తువ్వాలు తొలగించి చూశాడు.

"మళ్ళీ వచ్చావా తల్లీ," అన్నాడు తాపీగా.

తర్వాత కట్టు విప్పి, గోళ్ళరంగు తుడిచే మందులో దూది ముంచి, బొటనవేలి చుట్టూ అద్దుతూ కూర్చున్నాడు. పావుగంటకు చిన్న చెయ్యి ఊడి వచ్చింది. సర్వేయరుకు ప్రాణం లేచి వచ్చింది. అప్పుడుగానీ తాత అన్న మాట మెదడుకు ఎక్కలేదు.

"మళ్ళీ అంటే?"

"ఈ తల్లి నాకు పాత పేషెంటు బాబూ. ఒకసారి పాదం, ఒకసారి మెడ. చేతులైతే చెప్పక్కర్లేదు."

"ఎవరు తెచ్చారు?"

"మీ ఫాదర్ గారు పాపాలు వినే పెట్టె ఉంటుంది కదా, నా కొట్టూ అలాంటిదే. ఇక్కడి మాట బయటికి పోదు. మీ పేరు మాత్రం నేనడిగానా? రేపు పొద్దున ఆరున్నరకు రండి. రాత్రంతా ఆరాలి."

సర్వేయరు ఇంటికి వచ్చేసరికి బల్ల ముందు కొవ్వొత్తి వెలుగుతోంది. అత్తగారు మోకాళ్ళ మీద నిలబడి, కళ్ళు మూసుకుని జపమాల చెబుతోంది.

"నాన్నా, అమ్మమ్మ మిక్సీకి దండం పెడుతోంది," అని చెవిలో చెప్పింది చిట్టి.

జపం ముగించి అత్తగారు తృప్తిగా లేచింది. "ముసుగులో ఉన్నా ఎంత నిండుగా ఉందో నా తల్లి," అంది. దుమ్ము పడకుండా కప్పానన్న వంకను సర్వేయరు దారిపొడవునా వల్లె వేసుకుంటూ వచ్చాడు. దాన్ని చెప్పే అవసరమే రాలేదు. భార్యే ముందుగా అంది, "గుడ్డ కప్పి మంచి పని చేశారు. రేపు పొద్దుటిదాకా ఎవరూ తీయొద్దు." వేలి వాపు గంటలో ఎలా మాయమైందని కూడా అడగలేదు. మిక్సీ సంగతి అడిగి, రేపు ఇస్తాడట అనగానే ఊరుకుంది. ఇదంతా మాత దయేనని సర్వేయరు మనసులోనే చెంపలు వేసుకున్నాడు.

నాలుగింటికి చర్చిలో బెంచీ మీద వరసగా కూర్చున్నారు. ముందు చిట్టి వెళ్ళి చాలాసేపు ఉంది. తర్వాత భార్య వెళ్ళి అంతకంటే ఎక్కువసేపు ఉంది. ఈ మనిషికి అన్ని పాపాలేమున్నాయా అని సర్వేయరు నిజంగానే ఆశ్చర్యపోయాడు. తన వంతు రాగానే మోకరించి, జాలీకి ఇవతల నుంచి కడ్డీ, చెయ్యి, బొటనవేలు, మిక్సీ, అత్తగారు, అన్నీ వరసగా చెప్పేశాడు. అవతల నుంచి దగ్గు వినిపించింది, ఆ దగ్గు చాలాసేపు సాగింది.

"మూడు మంగళవార్త జపాలు చెప్పుకోండి. రేపు పూజకు ముందే ఈ సంగతి మీ ఆవిడకు మీ నోటితో చెప్పండి," అన్నారు ఫాదర్.

జపాలు అయిదు నిమిషాల్లో అయిపోయాయి. రెండో పనికి మాత్రం సాయంత్రమంతా చాలలేదు. భార్య ఇస్త్రీ చేస్తుంటే పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు. అదే సమయంలో ఆమే తలెత్తింది.

"ఏమండీ, మీకో మాట చెప్పాలి."

"నేనూ నీకో మాట చెప్పాలి."

"అయితే మీరే చెప్పండి."

"ముందు నువ్వు చెప్పు."

ఆమె ఇస్త్రీ పెట్టె వంక చూసింది. "ఏం లేదు. రేపు తెల్లచొక్కా వేసుకోండి."

"నేనూ అదే అడుగుదామనుకున్నాను," అన్నాడు సర్వేయరు. తన పిరికితనానికి తనకే సిగ్గేసింది.

ఆదివారం ఆరున్నరకు పాల వంక పెట్టి మూలకొట్టుకు పరిగెత్తాడు. చెయ్యి ఎక్కడ అతికిందో వెతికినా కనిపించలేదు. పూజకు ఇంకా గంటన్నర ఉంది. మాతను బల్ల మీద పెట్టేసి, ఆ తర్వాత తీరిగ్గా నిజం చెబుదామనుకుంటూ తలుపు నెట్టాడు. హాల్లో భార్య నిలబడి ఉంది. చేతిలో తెల్ల కర్టెన్, ఎదురుగా మిక్సీ.

"మాత ఏదండీ?" అంది ఆమె.

ఇరవై ఏళ్ళుగా విన్న కథల్లో ఒక్కటైనా ఆ నిమిషంలో ఆయనకు అక్కరకు రాలేదు. పెట్టె తెరిచి చూపించి, మొదటినుంచి చివరిదాకా చెప్పేశాడు. చెప్పి తల వంచుకుని నిలబడ్డాడు. ఎంతసేపటికీ తిట్లు మొదలుకాకపోతే తలెత్తి చూశాడు. భార్య సోఫాలో కూలబడి, కర్టెన్‌లో మొహం దాచుకుని నవ్వుతోంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటోంది.

"మంగళవారం దుమ్ము దులుపుతుంటే నా మోచెయ్యి తగిలింది. అదే చెయ్యి ఊడింది. మా వార్డులో రోగుల కోసం మాతను తీసుకెళుతున్నానని చెప్పానే, ఆ రోజు ఆ తాత దగ్గరే పెట్టి వచ్చాను. నాలుగు రోజులు ఎవరి చెయ్యీ తగలనివ్వొద్దన్నాడు. పొద్దున లేస్తూనే అతుకు ఎలా ఉందో చూద్దామని గుడ్డ తీస్తే మిక్సీ. నా గుండె ఆగిపోయింది. అయినా ఆ కొట్టుకు వెళ్ళొద్దని చెప్పానా లేదా?"

సర్వేయరుకు కడ్డీ తగిలీ తగలనట్టు తగిలిన క్షణం గుర్తొచ్చింది.

"పాత దెబ్బ," అన్నాడు నీరసంగా. "నా ఇంట్లో, నా కళ్ళముందు, పాత దెబ్బ."

"నిన్న ఫాదర్ కూడా మీకు చెప్పమన్నారు. ఇస్త్రీ దగ్గర నోటిదాకా వచ్చింది."

నిన్నటినుంచి ఛాతీ మీద ఉన్న బరువు దిగిపోయి సర్వేయరు కూడా ఆమె పక్కన కూలబడ్డాడు. గుమ్మంలో తెల్లగౌను వేసుకుని చిట్టి నిలబడి ఉంది.

"అమ్మకో ఒట్టు, నాన్నకో ఒట్టు. ఇప్పుడు రెండూ తీరినట్టేనా?" అని అడిగింది. తీరాయని ఇద్దరూ ఒకేసారి చెప్పారు. ఆ పిల్ల ఎంత పెద్ద ఊపిరి వదిలిందంటే వాళ్ళమ్మ గబుక్కున దగ్గరికి లాక్కుంది. ఈలోగా అత్తగారి అడుగుల చప్పుడు వినిపించి, మిక్సీ సోఫా వెనక్కీ మాత బల్ల మీదికీ చేరాయి.

"గుడ్డ తీసేశారా?" అంటూ అత్తగారు స్వరూపాన్ని పరికించి చూసింది. "నిన్నటి మీద కాస్త చిక్కిందే తల్లి."

సర్వేయరు కాలితో మిక్సీని సోఫా వెనక్కి ఇంకాస్త నెట్టాడు.

పూజ చివర హెడ్ నర్సు మాతను రెండు చేతులా ఎత్తుకుని ముందుకు నడిచింది. సర్వేయరు తెల్లచొక్కా అప్పటికే చెమటకు తడిసింది. అధ్యక్షురాలు కళ్ళద్దాలు పెట్టుకుంది. చేతుల వంక చూడనైనా చూడలేదు. వంగి, మాత మెడ మాత్రం తీక్షణంగా చూసి, వెనక వేలితో ఒకసారి తడిమి, అంతసేపూ బిగబట్టిన ఊపిరి మెల్లగా వదిలింది. తర్వాత అందుకునే కుటుంబంతో గొంతు తగ్గించి, "మెడ దగ్గర పట్టుకోకండి. నడుము కింద పట్టుకోండి," అంది. తాత చెప్పిన మెడ ఎవరి చేతిలో విరిగిందో సర్వేయరుకు అప్పుడు తెలిసింది. భార్య వంక చూశాడు. ఆమె పెదవులు గట్టిగా బిగించి పైకప్పు వంక చూస్తోంది.

చివరి బెంచీలో కూర్చుని నోటు పుస్తకం తెరిచాడు. పాత పేజీలు తిరగేశాడు. ముప్పై కుటుంబాలు, ముప్పై చేతిరాతలు, ఒకటే వాక్యం: మాత సన్నిధిలో వారం ప్రశాంతంగా గడిచింది. ముప్పై మంది సాక్షులు అక్షరం పొల్లుపోకుండా ఒకే మాట చెబితే ఆఫీసులో ఆయన ఆ ఫైలును అక్కడికక్కడే పక్కన పెట్టేవాడు. ఇక్కడ పెన్ను మూత తీసి, ముప్పై ఒకటోసారి అదే వాక్యం రాసి సంతకం చేశాడు. చిట్టి ఆయన భుజం మీదుగా తొంగి చూసి చదివింది.

"నాన్నా, ఇది అబద్ధం కిందికి వస్తుందా, దాచడం కిందికి వస్తుందా?"

"రెండూ కాదమ్మా," అన్నాడు సర్వేయరు, సిరా ఆరేలా ఊదుతూ. "ఆనవాయితీ కిందికి వస్తుంది."