శాలిబండ గల్లీలో మొలిచిన రాయి

సోమవారం పొద్దున కృపాకర్ నిమ్మళంగా చాయ్ తాగుతూ ఆ రోజు పనిని మనసులో ఒకసారి చూసుకున్నాడు. పదిన్నరకు ల్యాబు. పదకొండుకు మూడు కాంక్రీటు క్యూబులను ఒక్కొక్కటిగా మెషీన్ కింద పెట్టి పగలగొట్టాలి. ఎంత బరువుకు పగిలాయో రాయాలి. ఒంటిగంటకు టిఫిన్ డబ్బా విప్పాలి. ఇంతకంటే హాయైన రోజు సర్కారు నౌకరీలో ఉండదు.

సర్కారు కట్టించే బిల్డింగుల్లో వాడే సిమెంటు, ఇసుక, ఇటుక, కాంక్రీటు గట్టివో కావో తేల్చే ల్యాబులో అతను టెక్నీషియన్. పదహారేళ్లుగా అదే పని. శాలిబండలో వాళ్ల గల్లీవాళ్లకు మాత్రం ఆ సంగతి సరిగ్గా తెలియదు. "మా అల్లుడు రాళ్లు పగలగొడ్తడు" అని అత్తగారు కాశమ్మ గర్వంగా చెబితే, పాపం ఎంత కష్టమో అని జాలిపడినవాళ్లే ఎక్కువ.

ఈ మూడు క్యూబులు ఫలక్‌నుమాలో కడుతున్న అంగన్‌వాడీ కప్పువి. స్లాబు పోసిన రోజు కాంక్రీటు పప్పుచారులా పారడం కృపాకర్ కళ్లారా చూశాడు. "నీళ్లెక్కువైనయి గదా" అంటే కాంట్రాక్టరు మనిషి శ్రవణ్‌కుమార్ నవ్వి, "ఎండలు గదన్నా, దానికి గూడ దూపైతది" అన్నాడు. కృపాకర్ ఆ పప్పుచారుతోనే మూడు అచ్చులు నింపించాడు. అచ్చు నింపాక ఇరవై ఎనిమిది రోజులు నీళ్లలో నాననిచ్చి పగలగొడితే కాంక్రీటు అసలు రంగు బయటపడుతుంది. ఆ ఇరవై ఎనిమిదో రోజు ఇవాళే.

చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, ల్యాబులో క్యూబులు నానబెట్టే తొట్టి పగిలి పది రోజులైంది. ఊరందరి కట్టడాల్లో పగుళ్లు పట్టుకునే ఆఫీసు తన తొట్టి బాగు చేయించుకోవడానికి మూడు ఉత్తరాలు రాసి జవాబు కోసం చూస్తోంది. ఈలోగా ఎండిపోతాయని కృపాకర్ క్యూబులను ఇంటికి తెచ్చి, వెనకవైపు నీళ్ల డ్రమ్ములో ముంచాడు. ఆ సంగతి రిజిస్టరులో మాత్రం రాయలేదు.

చాయ్ తాగి, గోనెసంచి పట్టుకొని డ్రమ్ములో చెయ్యి పెట్టాడు. ఒకటి తగిలింది. రెండోది తగిలింది. చొక్కా భుజం దాకా తడిసింది కానీ మూడోది తగల్లేదు.

"అత్తమ్మా! ఇందులో రాయి ఏమైంది?"

పురానాపూల్ నుంచి రెండు రోజుల కింద వచ్చిన కాశమ్మ, తోటకూర తెంపుతూ తల కూడా ఎత్తలేదు. "అదా? పొద్దుగాల కూరగాయల బండి ఉరుకుతుంటే చక్రం కింద పెట్టిన బిడ్డా. బేరం ఒడిసేదాక కదల్లే. మస్తు పనికొచ్చింది."

"బండి ఏది?"

"పాయె."

"రాయి?"

"రాయి ఏడికి పోతది? రామలింగయ్య సేటు దుకాణం మెట్ల కాడ్నే ఉంటది."

మూడింటి సగటు తీయాలి. రెండుంటే పరీక్ష చెల్లదు. చెల్లకపోతే శ్రవణ్‌కుమార్ ఎక్కడివో మూడు ఉక్కుముక్కల్లాంటి క్యూబులు తెచ్చి ఇస్తాడు. పప్పుచారు కప్పు కింద పిల్లలు కూర్చుంటారు. కృపాకర్ ఐడీ కార్డు మెడలో వేసుకొని గబగబా నడిచాడు.

రామలింగయ్యది తాతల కాలం నాటి స్టీలు సామాన్ల దుకాణం. మెట్ల ముందు ముప్పై మంది గుమిగూడి ఉన్నారు. మధ్యలో క్యూబు. దాని చుట్టూ నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు కంచెలా వేశారు. క్యూబు మీద కృపాకర్ స్వయంగా ఎర్ర రంగుతో రాసిన అక్షరాలు మెరుస్తున్నాయి: M25. దాని కింద 28D.

"చదువుకున్నోళ్లం గాదా, మాకు తెల్వదా?" రామలింగయ్య అందరికీ వినబడేలా చదివి చెబుతున్నాడు. "ఎం ఇరవై ఐదంటే ఇరవై ఐదు మీటర్లు. రోడ్డు ఎడల్పు చేస్తున్నరు! ఇరవై ఎనిమిది డి అంటే ఇరవై ఎనిమిది డేస్ల ఖాళీ చెయ్యాలె!"

ఆ గల్లీ మొత్తం వెడల్పు నాలుగు మీటర్లు. ఇరవై ఐదు మీటర్లంటే ఇటు దుకాణాలు, అటు దుకాణాలు, వెనక గల్లీలో మటన్ షాపు కూడా పోవాల్సిందే. ఎదురుగా టైలరింగ్ షాపు యూసుఫ్ భాయ్ మెడలో టేపుతోనే పరిగెత్తుకొచ్చి, తన మెషీను దాకా కొలిచి నెత్తి పట్టుకున్నాడు. "యా అల్లా! మేరా కటింగ్ టేబుల్ బీచ్ రోడ్ మే ఆరా! నా టేబుల్ నడిరోడ్డుల పడ్తుంది!"

కృపాకర్ కుర్చీల మధ్యకు దూరి క్యూబును ఎత్తుకున్నాడు. "ఫికర్ చెయ్యకుండ్రి. ఇది నాది."

ఒక్క క్షణం అంతా చల్లబడింది. తర్వాత రామలింగయ్య చూపు అతని మెడలోని సర్కారు ఐడీ కార్డు మీద పడింది.

"అంటే రాయి నువ్వు పాతినవా? ఇరవై ఏండ్ల సంది మా గల్లీల ఉంటూ?"

"పాతుడు ఏంది సేటూ! ఎం ఇరవై ఐదంటే కాంక్రీటు రకం. ఇరవై ఎనిమిదంటే, పోసిన ఇరవై ఎనిమిదో రోజు పగలగొట్టాలె."

"పగలగొట్టుడా? ఎన్నడు?"

"ఇయ్యాల్నే. పదకొండు గంటలకు."

ధన్ ధన్ మని నాలుగు షట్టర్లు పడ్డాయి. ఎవరో వకీలుకు ఫోన్ కలిపారు. కృపాకర్ తప్పుకుపోదామని ఎడమకు అడుగేస్తే, "హద్దు మా దిక్కు జరుపుతున్నడు!" అని ఎడమవైపు దుకాణాలవాళ్లు అడ్డుపడ్డారు. కుడికి తిరిగితే కుడివైపువాళ్లు. ఎనిమిది కిలోల క్యూబు చంకనెత్తుకొని అతను గల్లీ నడిమధ్య బొంగరంలా తిరిగాడు.

"అయ్యా! పగలగొట్టేది దుకాణాలను గాదు, ఈ రాయినే! నమ్మకుంటే నాతోని వచ్చి చూడుండ్రి!" అని చివరికి గొంతు చించుకున్నాడు.

నమ్మలేదు. అందుకే వచ్చారు. నాలుగు ఆటోలు, ఆరు బండ్లు. ముందు ఆటోలో కృపాకర్, ఇంటి నుంచి తెచ్చిన రెండూ కలిపి మూడు క్యూబులు, అతనికి చెరో పక్కన రామలింగయ్య, యూసుఫ్ భాయ్. క్యూబులు ఎండకుండా కృపాకర్ తడి గోనె కప్పి దారంతా సీసాతో నీళ్లు చల్లుతుంటే, రామలింగయ్య పంచె సగం తడిసింది.

ల్యాబు గేటు దగ్గర డిప్యూటీ ఇంజనీరు స్వరూప మేడమ్ ఈ ఊరేగింపును చూసి వాచ్‌మన్‌ను అడిగింది. "ధర్నానా? ఎవరి మీద?"

ఆమె పక్కనే శ్రవణ్‌కుమార్ ఉన్నాడు. అతని కారు డిక్కీలో నున్నగా నిగనిగలాడే మూడు కొత్త క్యూబులున్నాయి. తొట్టి పగిలిన కబురు అతనికి ఎప్పుడో అందింది.

"మేడమ్, అన్న క్యూబులు ఇంటికి తీస్కపోయిండట," అన్నాడు ఎంతో మర్యాదగా. "అవి మావే అని గ్యారంటీ ఏంది? నడుమ ఎవరు మార్చిండ్రో? నేను వేరే తెచ్చిన, వాటికే టెస్టు చెయ్యుండ్రి."

స్వరూప మేడమ్ కృపాకర్ వైపు చూసింది. "ఇంటికి తీసుకెళ్లావా?"

"తొట్టి కారుతుందని మేడమ్..." అన్నాడు కృపాకర్. రిజిస్టరులో ఆ పది రోజుల గడులు తెల్లగా కళ్లముందు కదిలాయి. పదహారేళ్ల సర్వీసులో అతని మీద ఒక్క మెమో లేదు.

అప్పుడు తడిసిన పంచెతో రామలింగయ్య ముందుకొచ్చాడు. రాయి పగలకుండా మాయం చేసే కుట్ర ఏదో నడుస్తోందని ఆయనకు అర్థమైంది. "మార్చుడు ఏంది? పొద్దుగాల సంది ముప్పై మందిమి దీన్ని కావలి కాసినం. ఫోటోలున్నయి, వీడియోలున్నయి. దీని మీది ప్రతి అక్షరం నాకు నోటికొచ్చు. అడుగున గీకిన ఎస్కే అనే అక్షరాలతో సహా!"

"ఎస్కేనా?" మేడమ్ వంగి క్యూబును తిరగేసింది. మిగతా రెండూ తిరగేసింది. మూడింటి మీదా పచ్చిగా ఉన్నప్పుడు మేకుతో గీసిన అవే అక్షరాలు. "ఇవి నీ పొడి అక్షరాలేగా శ్రవణ్‌కుమార్?"

శ్రవణ్‌కుమార్‌కు ఉన్నట్టుండి ఫోన్ వచ్చింది. అది మోగినట్టు మాత్రం ఎవరికీ వినిపించలేదు.

మెషీన్ ఆన్ చేశారు. ముప్పై మంది చుట్టూ మూగారు. ముల్లు మెల్లగా పైకి పాకింది. రావాల్సిన చోటికి చాలా ముందే, ఎండిన అప్పడం విరిగినట్టు ఫట్‌మని క్యూబు పగిలింది. రెండోదీ అంతే. గల్లీలో కావలి కాసిన మూడోది కూడా అంతే. కృపాకర్ లెక్క కట్టి చెప్పాడు.

"సగటు పదహారు పాయింట్ ఎనిమిది మేడమ్. ఇరవై ఐదు రావాలె."

వెనక చప్పట్లు మోగాయి. యూసుఫ్ భాయ్ రామలింగయ్యను కౌగిలించుకున్నాడు. రామలింగయ్య చేతులు జోడించి మెషీన్ దగ్గరకొచ్చాడు. "ఇరవై ఐదు నుంచి పదహారుకు దించినవు, నీ పుణ్యం ఉంటది బిడ్డా. ఇంకొక్కసారి నొక్కు. నాలుగు మీటర్లకు దించితే మా గల్లీ మాకే ఉంటది!"

నవ్వు ఆపుకుంటూ మేడమ్ వాళ్లందరికీ చాయ్ చెప్పించి, రోడ్డుకూ రాయికీ సంబంధం లేదని ఓపిగ్గా రెండుసార్లు వివరించింది. పరీక్ష కాగితం మీద సాక్షులుగా ముప్పై మంది సంతకాలు పెట్టారు. ఆ ల్యాబు చరిత్రలో అంత బలమైన రిపోర్టు లేదు. అంగన్‌వాడీ కప్పు తీసేసి మళ్లీ పోయాలని వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. క్యూబులు ఇంటికి తీసుకెళ్లినందుకు కృపాకర్‌కు మేడమ్ గట్టిగా నాలుగు చీవాట్లు పెట్టి, అదే నోటితో పై ఆఫీసుకు ఫోన్ చేసి మరునాడే తొట్టి బాగు చేయించింది.

గల్లీలో కృపాకర్ హోదా మారిపోయింది. ఇప్పుడు అతను నడిచి వస్తుంటే కుర్చీ వేస్తున్నారు. మరుసటి ఆదివారం రామలింగయ్య తాను కట్టించుకుంటున్న ఇంటి ఇటుకలు రెండు సంచిలో వేసుకొని వచ్చాడు. కృపాకర్ వాటిని తూచి, ఒక రోజు నానబెట్టి, మళ్లీ తూచి చెప్పాడు. "సేటూ, ఇది ఇటుక గాదు. నీళ్లు తాగే ఒంటె."

ఆ ఇటుకలు పంపింది రామలింగయ్య సొంత బావమరిది కావడంతో ఆ రెండిళ్ల మధ్య రెండు నెలలుగా మాటల్లేవు కానీ, పరీక్షకు మాత్రం ఇంతవరకు ఎవరూ వంక పెట్టలేదు.